మలుపులో ఎదురు

ఇప్పుడు లైసెన్స్ కావాలంటే బొమ్మ కారులో నెగ్గాలి. కారు కదలదు, దాని అద్దంలో మాత్రం మా ఊరు ఇంటింటితో సహా కదులుతుంది. మా అమ్మాయి హిమజకు అంబులెన్స్ నడిపే ఉద్యోగం వచ్చింది. పరీక్ష రెండుసార్లు తప్పితే అదీ పోతుంది. నేను గుండె చిక్కబట్టుకుని వెనక సీట్లో కూర్చున్నాను.

మా వీధి మలుపు తిరిగిందో లేదో, నీళ్ల చెంబుతో ఒకావిడ ఎదురొచ్చింది. నా చీరే, నా నడకే! బ్రేకు పడేలోపే హిమజ ఆవిణ్ణి గుద్దేసింది. కెవ్వుమన్నాను.

"నన్నెందుకు పెట్టావయ్యా ఇందులో?" అన్నాను పరీక్ష పెట్టే ఖాదర్‌తో.

"వీధిలో రోజూ జరిగేదే ఇందులోకి వస్తుందమ్మా. అమ్మాయి సైకిలెక్కితే చాలు, మీరు మలుపులో ఎదురొస్తారటగా?"

"మంచి శకునం కదయ్యా!"

"నీ శకునం పాడుగాను, నిన్ను చంపేశానమ్మా," అంది హిమజ.

రెండో పరీక్షకు నెల గడువుంది. ఆ నెలంతా అది సైకిలెక్కే వేళకు వంటింట్లో గడియ పెట్టుకుని కూర్చున్నాను. రోజూ దానికి ఏదో అయిపోయిందనే అనిపించేది.

రెండో పరీక్షలో ఆ మలుపు వచ్చింది. అక్కడ నేను లేను. అయినా హిమజ కారు ఆపింది. ఖాళీ మలుపంతా కలయజూసి, అప్పుడు కదిలింది.