జిడ్డు బాబాయ్

"ఇవాళ మాత్ర వేసుకున్నావా తల్లీ?"

ఫోన్లో ఆ గొంతు వినగానే చెల్లెలు కత్తెర బల్ల మీద పడేసింది.

"తగులుకున్నాడమ్మా జిడ్డు బాబాయ్!"

"వేసుకున్నా బాబాయ్," అంది అక్క, అప్పుడే డబ్బా మూత తీస్తూ.

"చిన్నమ్మాయి ధ్యానానికి కూర్చుందా?"

"కూర్చున్నదాన్ని లేపింది మీరే!" అని అరిచింది చెల్లెలు.

అక్కాచెల్లెళ్లది ఒకే కుట్టుమిషన్ల గది, ఒకే జబ్బు. డిప్రెషన్‌తో మంచం దిగలేని రోజులు చూసి, ఇద్దరూ ఎలాగో గట్టెక్కారు. మళ్లీ అందులో పడకుండా డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది. మాత్రలు కొనసాగించడం ఒకటి, మెల్లగా తగ్గించుకుంటూ ధ్యానం క్లాసుకు రావడం రెండోది. ఏది పట్టుకున్నా వదలకూడదంది.

అక్క మాత్రలు పట్టుకుంది. చెల్లెలు క్లాసు పట్టుకుంది. ఏది గొప్పదని ఇంట్లో రోజూ పోట్లాటే.

"ఎన్నాళ్లే ఆ మాత్రలు మింగుతూ?"

"నువ్వు కళ్లు మూసుకుంటే జాకెట్లు వాటంతటవే కుట్టుకుంటాయా?"

బాబాయ్ వాళ్లకు చుట్టమేం కాదు, డాక్టరమ్మ ఆసుపత్రి వరండాలో కూర్చునేవాడు. అక్కడి ఉద్యోగే అనుకుని వచ్చినవాళ్లంతా నంబర్లిచ్చారు. ఇక రోజూ ఫోనే.

ఒళ్లు మండి చెల్లెలు డాక్టరమ్మకు ఫిర్యాదు చేసింది. ఫోన్లు ఆగిపోయాయి.

"పీడ విరగడైంది!"

"పాపమే, పెద్దాయన," అంది అక్క.

కొన్ని నెలలకు అక్క కుట్టాల్సిన బట్టలు పేరుకుపోయాయి. ఆ తర్వాత అక్క మంచం దిగలేదు. మాత్రల డబ్బా నిండుగా ఉంది.

"ఎందుకు మానేశావే?"

"బాగానే ఉన్నాగా అనుకున్నా." అక్క గోడకేసి తిరిగింది. "అడిగేవాళ్లెవరున్నారు?"

"నేను లేనూ?"

"నువ్వడిగేది వెక్కిరించడానికేగా."

చెల్లెలు ఆసుపత్రికి పరిగెత్తింది.

"డాక్టరమ్మా, మీ మనిషిని మళ్లీ ఫోన్ చెయ్యమనండి. అక్క ఆయన మాటే వింటుంది. మీ కాళ్లు పట్టుకుంటా."

"మా మనిషి కాదమ్మా ఆయన. నువ్వు చెప్పాక రావద్దన్నాం. ఇప్పుడు మేం చేసినా ఎత్తడం లేదు."

"మరి మా గొడవ ఆయనకెందుకు?"



"మాత్రలు మానేసి, క్లాసుకూ రాకుండా, ఎందుకని ఒక్కరూ అడక్కముందే ప్రాణం తీసుకున్న పిల్లకు తండ్రమ్మా ఆయన."