కోట అడవిలో ఎదురు నడక

స్కాట్లాండ్ కొండల్లో ఆ పాతకోట చుట్టూ, అడవిలో గుండ్రంగా తిరిగే దారి ఒక్కటే, చీలికలు లేవు. చీకటి పడ్డాక, తప్పిపోయిన కుక్కను వెతుకుతూ ఈఫీ భర్త ముర్డో సూర్యుడు తిరిగే వైపుగా బయలుదేరాడు.

"నువ్వు సూర్యుడికి ఎదురు దిక్కుగా తిరగకే, మంచిది కాదు," అన్నాడు వెళ్తూ.

"మీ నాయనమ్మ భయాలన్నీ నీకే వచ్చాయి!" అని నవ్వి, ఈఫీ రెండో వైపు నడిచింది.

సగం దారిలో ఇద్దరూ కలుసుకోవాలి. కానీ ఎవరూ ఎదురుపడకుండానే ఆమె తిరిగి కోట గేటు దగ్గరికి వచ్చేసింది. కుక్క అక్కడే ఉంది.

"ముర్డో! కుక్క దొరికింది, వచ్చెయ్!"

చెట్ల మధ్య నుంచి అతని నవ్వు వినిపించింది.

"చెయ్యి వదలవే ఈఫీ, నొప్పెడుతోంది. ఇంత చల్లగా ఉన్నావేమిటి?"

రాలిన ఆకుల మీద రెండు జతల అడుగులు గేటుకు దూరంగా సాగిపోతున్నాయి.