ఆదివారం గంట

"బయటికి రామ్మా! గోపురం కూల్తది!" జేసీబీ మీద నుంచి మౌలాలి అరిచాడు.

డంగుసున్నంతో కట్టిన పాత చర్చి అప్పటికే సగం కూలింది. మిగిలిన గంటగోపురం కింద సువార్తమ్మ పొద్దుటి నుంచి తాడు లాగుతూనే ఉంది. అరచేతుల నిండా నెత్తురు.

"పాతదాని మీద గంత పాయిరమా? కొత్త చర్చి కడ్తుండ్రు గద!"

"కట్టుకోండ్రి బిడ్డా. మా ముసలాయన పొద్దుగాల ఎటో పోయిండు. దేవులాడితే దొరకలే. నా పేరు మరిచిండు, ఇంటి తొవ్వ మరిచిండు. గీ గంట ఇంటే మాత్రం ఏడున్నా ఆరాధనకొస్తడు. ఆగిందంటే ప్రార్థన షురువైందని, ఆలస్యమాయెనని సిగ్గుపడి ఎనక్కి మళ్లుతడు."

మౌలాలి జేసీబీ ఆపి, గోపురం కిందికి ఉరికి తాడందుకున్నాడు.

"ఆదివారం గంట ఎట్ల కొడ్తరో చెప్పమ్మా."