గుమ్మం మీది గడ్డి

కొండవాలులో పందికొక్కుల కలుగు ఒకటుండేది. పగలంతా లోపల దుంపలు తవ్వడం, బయటికొచ్చి గుమ్మం పైనున్న గడ్డివేళ్లు కొరుక్కుతినడం వాటి అలవాటు. వాలు బోడిదై మట్టి రాలసాగింది. వానొస్తే గుమ్మం పూడిపోతుందని ముసలి గున్నమ్మకు తోచింది. తవ్వకం మానేసి, వాలంతా వట్టివేరు దుబ్బులు నాటింది.

“పని మానినవాళ్లకు దుంప లేదత్తా!” అన్నాడు కలుగు పెద్ద భూషయ్య.

“పస్తుంటాను. నా గడ్డి ముట్టుకున్నవాడి మూతి మాత్రం కొరుకుతా!”

గడ్డి వేళ్లూనుకున్నాక వానలు దిగాయి. ఎదుటి కొండ జారి కుందేళ్ల బొరియ పూడిపోయింది. వీళ్ల గుమ్మం చెక్కుచెదరలేదు.

“చూశావా అత్తా? మన కొండే గట్టిది. నీ గడ్డి దండగ!” అన్నాడు భూషయ్య.

గున్నమ్మకు ఒళ్లు మండింది. “అలాగా నాయనా! అయితే ఇప్పుడే పీకేస్తా. నువ్వెళ్లి లోపల కూర్చో,” అంటూ దుబ్బు పట్టుకుంది.

భూషయ్య గుమ్మంలో పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.