నాన్న సరే అంటేనే

"ఈ వానాకాలం నీళ్లు ఇంట్లోకొస్తే మన గతేంటండీ?"

రాహేలు వీధంతా వినబడేలా అడిగింది. వరండాలో కూర్చున్న జకరయ్య తలెత్తలేదు. అచ్చు మీద రాగిరేకు పెట్టి సుత్తితో కొడుతూనే ఉన్నాడు. టక్, టక్, టక్. చిలకలపూడిలో ముప్పై ఏళ్లుగా ఆయన పని అదే. ఆ రేకులే తర్వాత పూత పడి రోల్డ్ గోల్డ్ దుద్దులవుతాయి, గాజులవుతాయి.

జవాబు కోసం చూడకుండా రాహేలు ఫోను తీసింది. మోకాళ్లదాకా వచ్చే రబ్బరు బూట్లు. సగం ధర, ఈ ఒక్కరోజే.

"అమ్మా!" డ్యూటీకి బయల్దేరుతున్న క్రిస్టినా తల్లి చేతిలోంచి ఫోను లాక్కుంది. "చార్జింగు లైట్లు నాలుగున్నాయి. గొడుగులు ఐదు. బీపీ మిషన్లు రెండు. అసలు మనింట్లో బీపీ ఎవరికుంది?"

"రేపు వస్తే?"

"నీ పార్సిళ్లు చూస్తుంటే నాకే వచ్చేలా ఉంది."

క్రిస్టినా అటకమీది పాత బిస్కెట్ల డబ్బా దించి తల్లి ముందు పెట్టింది.

"రెండేళ్లుగా ఒక్క వస్తువు కొనాలనుకుంటున్నాం. కాస్త పోగవగానే నీకో భయం పుడుతుంది. ఆ భయం పార్సిలై గుమ్మంలోకొస్తుంది. ఇవాళ్టి నుంచి ఒకటే రూలు. ఏది కొనాలన్నా నాన్నని అడుగు. నాన్న సరే అంటేనే కొను. అనకపోతే ఆ డబ్బు ఇందులో వెయ్యి. క్రిస్మస్‌లోపు ఇది నిండాలి. నిండకపోతే ఇంక ఆ వస్తువు మాట మర్చిపోదాం."

"ఆయన్నడగాలా? ఆయన నాకు తిన్నగా జవాబిచ్చి ఐదేళ్లయిందే!"

"అందుకే" అని క్రిస్టినా చెప్పులేసుకుంది.

ఆ రోజే రాహేలు అడిగింది. "ఏమండీ, బూట్లు కొననా?"

టక్, టక్.

ఆరొందలు డబ్బాలో పడ్డాయి.

వండే ముందు చర్చికని గుప్పెడు బియ్యం తీసి పెట్టడం రాహేలుకు వాళ్లమ్మ నేర్పిన అలవాటు. ఇప్పుడు ఆ బియ్యం పక్కనే డబ్బా పెట్టుకుంది. కొనకుండా ఆగిన వస్తువు ధర డబ్బాలో వేశాకే పొయ్యి వెలిగించేది. పాములు రాకుండా చల్లే పొడి, దొంగలొస్తే అరిచే గంట, ఉన్న మిక్సీ పాడైతే ఉంటుందని ఇంకో మిక్సీ. ప్రతిదానికీ వరండాలోకెళ్లి గొంతు చించుకుని అడిగేది. సుత్తి చప్పుడు విని తిరిగొచ్చేది.

"ఏంటొదినా ఆ కేకలు? గొడవపడుతున్నారనుకుని మావాళ్లు గోడెక్కి చూస్తున్నారు" అంది పక్కింటి హెప్సిబా.

"అడుగుతున్నా వదినా. అడగడమే నా పని."

"ఎందుకీ కూడబెట్టడం? ముప్పై ఏళ్లు అన్నయ్య చేసిన గిల్టే పెట్టుకున్నావుగా. ఇప్పటికైనా నిజం బంగారం దుద్దులా?"

రాహేలు కొంగుతో డబ్బా కప్పేసింది. "తీరా కొన్నాక చూద్దువులే. ముందే చెప్పుకుంటే ఏ అడ్డొస్తుందోనని నా భయం."

నవంబరులో అడ్డు రానే వచ్చింది. తుఫాను బందరు వైపే తిరిగిందని ఆటోలో మైకు పెట్టి చెప్పుకుంటూ పోయారు. కోనేరు సెంటర్లో ఇన్వర్టర్లు అయిపోతున్నాయని హెప్సిబా పరుగున వచ్చి చెప్పింది. రాహేలు డబ్బా గుండెలకు హత్తుకుని వరండాలోకొచ్చింది.

"ఏమండీ, వారం రోజులు కరెంటుండదంట. ఇన్వర్టరు కొనేద్దామా?"

టక్, టక్.

"ఈ ఒక్కసారికి సరే అనండి! ఇల్లు మునిగాక అంటారా?"

జకరయ్య సుత్తి పక్కన పెట్టాడు. రాహేలు ఒకడుగు ముందుకేసింది. ఆయన మబ్బు వైపు ఓసారి చూసి, ఆరబెట్టిన రేకులు లోపల పెట్టి, మళ్లీ వచ్చి పీట మీద కూర్చున్నాడు.

టక్.

రాహేలు కాళ్లు వీధి మెట్ల దాకా వెళ్లాయి. అక్కడే చాలాసేపు నిలబడింది. చివరికి లోపలికొచ్చి డబ్బాని బియ్యం పక్కనే పెట్టింది.

తుఫాను ఒడిశా వైపు వెళ్లిపోయింది. ఒక్క పూట కరెంటు పోతే, ఉన్న నాలుగు లైట్లలో రెండు చాలాయి. పొద్దున్నే రాహేలు డబ్బా ఊపి చూసింది. చప్పుడు రాలేదు. లోపల అంత కిక్కిరిసి ఉంది. జీవితంలో మొదటిసారి ఆమె భయపడిందీ జరగలేదు, చేతిలో డబ్బూ పోలేదు.

"గెలిచావమ్మా!" అని క్రిస్టినా తల్లిని ఎత్తి తిప్పేసింది.

ఆ వారమే క్రిస్టినా తండ్రిని వెంటబెట్టుకుని విజయవాడ వెళ్లొచ్చింది. పది రోజుల తర్వాత మళ్లీ ఒక్కతే వెళ్లి చిన్న పెట్టెతో దిగింది. రాహేలు మూత తీసి చూసింది.

"డబ్బా అంత డబ్బుకి ఇంతేనా? చింతగింజంత లేదే! మోసపోయామేమోనే. పైపై తళుకులు మనకు తెలియనివా?"

"బిల్లుంది. రెండేళ్ల గ్యారంటీ ఉంది. నువ్వు పొయ్యి సంగతి చూడు. ముందు ఇది నాన్న చేతిలో పెట్టాలి."

క్రిస్టినా వరండాలోకెళ్లి తండ్రి ముందు మోకాళ్ల మీద కూర్చుంది. చాలాసేపు అక్కడే ఉండిపోయింది. తర్వాత ఇంట్లోకొచ్చి గోడకానుకుని నిలబడింది. బయట సుత్తి మొదలైంది. ఎన్నడూ లేనంత మెల్లగా. ఒక దెబ్బ, ఆగడం, ఇంకో దెబ్బ.

చినుకులు పడ్డాయి. రాహేలు గరిటె తిప్పుతూ, అలవాటుగా, వీధంతా వినబడేలా అరిచింది.

"ఏమండీ, వానొచ్చేలా ఉంది, ఇంకో గొడుగు కొననా?"

సుత్తి ఆగింది. చూరు మీంచి కారే చినుకుల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. రాహేలు చేతిలో గరిటె కూడా ఆగిపోయింది.

"అంత అరవకే రాహేలూ, వినబడుతోంది."