తవిటమ్మ చేతులు

పలాసలో ఇప్పుడు జీడిపిక్కలు ఒలిచేవి ఇనుప చేతులే. వాటికి పని నేర్పింది మాత్రం ఆడవాళ్లు. ఆరు నెలలపాటు వాళ్ల చేతులకు తీగల తొడుగులు కట్టి, ఒక్కో మనిషి తీరును ఒక్కో యంత్రానికి ఎక్కించుకుని, ఆ తర్వాత వాళ్లను ఇంటికి పంపేసింది కంపెనీ. వాళ్లలో తవిటమ్మ ఒకతె. ఆమె పోయి నాలుగేళ్లయింది. ఆ చేతుల కోసమే కూతురు కాంచన అక్కడ ఊడ్చే పనిలో చేరింది.

“బాబూ, మా అమ్మ సేతులు ఏ మిసన్లో ఉన్నాయో సెప్పండి. ఒక్కసారి సూసుకుంటాను.”

సూపర్‌వైజర్ లోకనాథం తెర చూసి నవ్వాడు. “ఆ వివరం ఐదో స్థాయివోళ్లకే తెరుచుకుంటాదమ్మా. నాకే లేదు. నీది ఒకటో స్థాయి. నీకు తెరుచుకునేది సీపుర్ల గదొక్కటే.”

“నన్ను కన్నప్పుడు మా అమ్మ నా స్థాయి సూసిందేటి?”

అన్నం పెట్టిన చేతులకు తాళం వేసి, కూతురి చేతికి చీపురివ్వడం! దీన్ని భద్రత అంటారట.

కాంచన ఊడుస్తూ ప్రతి యంత్రం దగ్గరా ఆగి చూసింది. పదకొండో రోజున చీపురు జారిపోయింది. ఒక ఇనుప చేయి నాలుగు పిక్కలకోసారి పక్కకు పోయి, ఖాళీ గాలిలో వేళ్లు ముంచి వస్తోంది. పిక్క పెంకులోంచి కారే జీడి నూనెకు చర్మం కాలకుండా మిగతావాళ్లు పొద్దున్నే ఆముదం రాసుకునేవారు. ఆ వాసన పడని తవిటమ్మ మాత్రం నాలుగు పిక్కలకోసారి బూడిద అద్దుకునేది.

మర్నాడు కాంచన కొబ్బరి చిప్పలో పొయ్యి బూడిద తెచ్చి అక్కడ పెట్టింది. ఇనుప వేళ్లు అందులో మునిగాయి.

“ఇంక మండదులే అమ్మా,” అంది.