నాలుగో రాయి

"మూడే తీసినారు. నాలుగోది ఎవరిదమ్మా?"

కొండ దిగి, బూట్లు విప్పి ఇసుక దులుపుకుంటున్న త్రివేణి తలెత్తింది.

కర్ర పట్టుకున్న ముసలాయన ఒకడు, బండ మీద మిగిలిన రాయిని చూపిస్తున్నాడు.

ఆ కొండకు ఒక కట్టుబాటుంది. ఎక్కేముందు కింది బండ మీద తలా ఒక రాయి పెట్టాలి. దిగాక ఎవరి రాయి వాళ్ళు తీసి పారేయాలి. రాయి ఉందంటే మనిషి ఇంకా పైనే ఉన్నట్టు.

పొద్దున ఆదోని నుంచి వచ్చింది ముగ్గురే. త్రివేణి, పావని, రాఘవ్. జ్వరమొచ్చి ఇంట్లో ఉండిపోయిన భరత్ పేరున కూడా రాఘవే ఒక రాయి పెట్టి, ఫోటో తీసి వాడికి పంపాడు.

"అది మా భరత్‌ది తాతా" అన్నాడు రాఘవ్.

"ఆ పిల్లోడు యాడ?"

"పైన్నే పండుకోనుండాడు. లేపితే లేయనంటాడు."

పావని చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని కిసుక్కుమంది.

ముసలాయన మొహం పాలిపోయింది. పడమట మబ్బు నల్లగా కమ్ముకొస్తోంది. గాలి స్తంభించింది.

"వాన పడితే బండ మీద కాలు నిలబడదప్పా. పోయి పిల్సుకోని రాపో."

"వస్తాడులే. కొండేమన్నా నీ పేర రాసిచ్చినారా?"

త్రివేణి అతని చెయ్యి పట్టి లాగింది. "రాఘవ్, ఆయప్పకు నిజం సెప్పు."

"ఎగతాళికి అంటాండానని తెలీదా ఆయప్పకు? ఆటోవాడు అరుస్తాండాడు, రాండి."

ఆటో కదిలాక త్రివేణి వెనక్కి తిరిగి చూసింది.

ముసలాయన కర్ర ఊతంగా పైకి ఎక్కుతున్నాడు.

"తాతా! పైన ఎవరూ లేరు!"

ఆటో చప్పుడులో ఆ కేక ఆమెకే సరిగా వినబడలేదు.

"ఆపమను రాఘవ్."

"నాలుగడుగులేసి ఆయనే దిగుతాడు. వాన రాకముందే ఊరు చేరల్ల."

ఆమె ఇంకోసారి అడగలేదు.

ఆదోని చేరకముందే వాన అందుకుంది.

తెల్లారీ తెల్లారగానే రాఘవ్‌ను లేపి, బండి మీద కొండ దగ్గరికి తీసుకొచ్చింది.

కింద పదిమంది గుమిగూడి ఉన్నారు. మధ్యలో మొహం మీదుగా కంబళి కప్పిన మనిషి. పక్కన రెండు ముక్కలైన కర్ర.

రాఘవ్ బండి దగ్గరే ఆగిపోయాడు.

"వాన్లో 'భరతూ, భరతూ' అని కేకలేస్తా ఎక్కినాడంట. మేకలోళ్ళు ఇన్నారు" అంది టీ బంకు గిరిజమ్మ. "ఎవరి బిడ్డో ఏమో. ఆ పిల్లోని కోసం ఇంకా ఎతుకుతానే ఉండారు."

త్రివేణి విరిగిన కర్ర పక్కన కూర్చుని అడిగింది.

"ఈయన కొండకు కాపలా ఉంటాడామ్మా?"

"కాపలా యాడిది తల్లీ? ఎమ్మిగనూర్లో మగ్గం నేసే బసవన్న. అప్పుడప్పుడు వచ్చి ఈ రాళ్ళు లెక్కబెట్టి పోతాడు. మూడేండ్ల కింద నలుగురు స్నేయితులు ఈ కొండెక్కిరి. దిగేటప్పుడు ఒకడు ఎనకబడె. పొద్దు మునుగుతాండాదని ముగ్గురూ బస్సెక్కి పోయిరి. ఆ ఒక్కడు మళ్ళీ దిగనేలేదు."

గిరిజమ్మ వంగి, జారిన కంబళిని ఆయన పాదాల మీదికి లాగింది.

"ఆ ముగ్గుర్లో ఒకడమ్మా ఈయన."